ఇల్లు ఒక దేశంలో, బేస్ ఇంకో దేశంలో: కొత్త పైలట్‌కు ఏ ఏర్పాటు మేలు?

ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం ఖాయమైందని మెయిల్ వచ్చినప్పుడు కొత్త పైలట్ మొదట వెతికేది విమానం రకం, తరువాత జీతం. బేస్, అంటే డ్యూటీలు మొదలై ముగిసే విమానాశ్రయం, ఏ ఊళ్లో ఉందని చూసుకునేది సంతోషం కాస్త సద్దుమణిగాక. నా విషయంలోనూ అదే జరిగింది. సాఫ్ట్‌వేర్ వదిలి, ముప్పై దాటాక విమానం నేర్చుకున్నవాణ్ని. ఇల్లు డబ్లిన్‌లో. భార్య అక్కడ ఆసుపత్రిలో నర్సు, పాప రెండో తరగతి. నాకు వచ్చిన బేస్ మిలాన్ దగ్గర. గుంటూరు నుంచి నాన్న ఫోన్‌లో తేలిగ్గా తేల్చేశారు: "ఎప్పుడూ విమానంలోనే ఉంటావు కదరా, ఇంటికి వెళ్లి రావడానికి నీకేమిటి కష్టం?"

నిజమే అనిపించింది. డబ్లిన్ నుంచి మిలాన్‌కు రెండున్నర గంటల ప్రయాణం. హైదరాబాదులో ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లి వచ్చేవాళ్లు ఇంతకన్నా ఎక్కువే పడతారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అలా అనుకోవడం ఎంత పొరపాటో రెండు నెలల్లో తెలిసింది. ఐరోపాలో కొత్తగా షార్ట్‌హాల్ (తక్కువ దూరాల విమానాలు) పైలట్‌గా చేరుతూ, బేస్ ఉన్న దేశానికి మారాలా, ఉన్నచోటు నుంచే తిరగాలా అని తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

రాత్రులు లెక్కపెట్టండి

షార్ట్‌హాల్‌లో విమానం పొద్దున బేస్ నుంచి లేచి, రెండో నాలుగో సెక్టార్లు (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక సెక్టార్) తిరిగి, అదే బేస్‌లో వాలుతుంది. పైలట్ రాత్రికి తన మంచం మీద పడుకుంటాడు. ఈ ఉద్యోగంలో ఉన్న సుఖం అదొక్కటే. ఖండాలు దాటే లాంగ్‌హాల్ పైలట్ నెలకు మూడు నాలుగు సార్లు బేస్‌లో కనబడితే చాలు కాబట్టి, అతడు వేరే దేశంలో కాపురం పెట్టినా నడుస్తుంది. షార్ట్‌హాల్‌లో పనిచేసే ప్రతి రోజూ బేస్‌లో హాజరు వేయించుకోవాలి. లాంగ్‌హాల్ వాళ్లను చూసి మనమూ తిరగగలమనుకోకూడదు.

ఒక రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, తీసుకుని చూద్దాం. ఐదు రోజులు పని, నాలుగు రోజులు సెలవు అనే పద్ధతి ఐరోపాలో బాగా తెలిసినదే. రయన్‌ఎయిర్ పైలట్లకు ఇచ్చేది ఇదే. ఒక ఐదు రోజులు ఎర్లీలు, అంటే తెల్లవారుజామున మొదలయ్యే డ్యూటీలు. నాలుగు రోజుల సెలవు తరువాత ఐదు రోజులు లేట్లు, అంటే మధ్యాహ్నం ఎక్కి అర్ధరాత్రి దగ్గరలో దిగేవి. మళ్లీ నాలుగు సెలవులు. మొత్తం 18 రోజుల చక్రం.

ఎర్లీల్లో ఐదో రోజు మధ్యాహ్నానికి పని అయిపోతుంది. ఆ సాయంత్రపు విమానం దొరికితే నాలుగు రాత్రులు ఇంట్లో ఉంటారు. లేట్లు మొదలయ్యే ముందు సాయంత్రం తిరిగి బేస్‌కు చేరాలి. లేట్లలో చివరి రోజు దిగేసరికి రాత్రి పదకొండు. ఆ వేళ ఇంటికి విమానం ఉండదు. మరునాడు పొద్దున బయలుదేరితే ఇంట్లో మూడు రాత్రులు. నాలుగో రోజు సాయంత్రానికల్లా మళ్లీ బేస్‌లో ఉండాలి, మరునాడు తెల్లవారకముందే డ్యూటీ కాబట్టి. కలిపితే 18 రాత్రుల్లో ఇంట్లో ఏడు, బేస్‌లో పదకొండు. బేస్‌లోనే కాపురం ఉన్న సహోద్యోగి 18కి 18 రాత్రులూ ఇంట్లోనే పడుకుంటాడు. అన్ని విమానాలూ వేళకు నడిచి, అన్నిట్లోనూ సీటు దొరికితేనే ఆ ఏడు రాత్రులైనా దక్కేది.

మీ కంపెనీ రోస్టర్ ఇలాగే ఉండాలని లేదు. నెలనెలా మారే రోస్టర్ అయితే లెక్క ఇంకా పాడవుతుంది. ఐరోపా నిబంధనల ప్రకారం రోస్టర్‌ను కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. అంటే మీరు ఇంటికి టికెట్ కొనేది ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు, ధర పెరిగాక. పద్ధతి స్థిరంగా ఉన్నవారు ఆరు నెలల టికెట్లు ఒక ఆదివారం కూర్చుని కొనేసుకుంటారు. అందుకే, బేస్ ఎంత దూరమని అడిగే ముందు రోస్టర్ స్థిరమా, మారేదా అని అడగండి. స్థిరమైన రోస్టర్‌తో సిసిలీ ద్వీపంలోని పాలెర్మో అంత దూరం నుంచి తిరగడమే, మారే రోస్టర్‌తో పక్క దేశం నుంచి తిరగడం కన్నా సులువు.

సెలవు రోజు ప్రయాణం ఎవరి ఖాతాలో?

ఇది కొత్తవారికి ఎవరూ చెప్పరు. కంపెనీ మిమ్మల్ని పని కోసం ప్రయాణికుడిగా ఎక్కడికైనా పంపితే అది పొజిషనింగ్. ఆ గంటలు డ్యూటీ కింద లెక్కకు వస్తాయి. అదే విమానంలో, అదే సీటులో, మీరు మీ ఇంటి నుంచి బేస్‌కు వస్తుంటే అది విశ్రాంతి కింద జమ అవుతుంది. హోమ్ బేస్‌లో రెండు డ్యూటీల మధ్య కనీసం 12 గంటలు, లేదా ముందు చేసిన డ్యూటీ ఎంతసేపో అంతసేపు, ఏది ఎక్కువైతే అది విశ్రాంతి ఇవ్వాలని నిబంధన. వారానికొకసారి రెండు రాత్రులు కలిసి వచ్చేలా 36 గంటలు ఇవ్వాలి. ఈ గంటల్లో మీరు నిద్రపోయారా, సెక్యూరిటీ వరసలో నిలబడ్డారా అన్నది గడియారానికి తెలియదు. కంపెనీ పని విశ్రాంతి ఇవ్వడం వరకే. దాన్ని విశ్రాంతిగా వాడుకునే బాధ్యత పైలట్‌ది.

ఇంటి నుంచి బేస్‌కు మామూలుగా 90 నిమిషాలకు మించి పడితే బేస్ దగ్గర తాత్కాలిక బస చూసుకోవడం గురించి ఆలోచించండని నిబంధనలతో పాటు ఇచ్చిన మార్గదర్శకంలో ఉంది. అది సలహా మాత్రమే. కానీ ఎప్పుడైనా ఏదైనా జరిగితే విచారణలో ముందుగా తెరిచే పేజీ అదే.

2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ విమానం ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) సియాటిల్ దగ్గర ఉండేది, బేస్ నెవార్క్. ముందు రాత్రంతా సరుకు విమానాల్లో, మెంఫిస్ మీదుగా, దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి, పగలు క్రూ రూములో కాస్త నడుము వాల్చి డ్యూటీకి వెళ్లింది. రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి (స్టాల్) వస్తోందన్న హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రమాదానికి కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది. ఇద్దరి పనితనమూ అలసట వల్ల తగ్గి ఉండవచ్చని, ఎంతవరకన్నది చెప్పలేమని కూడా రాసింది. అమెరికాలో పైలట్ల డ్యూటీ, విశ్రాంతి నిబంధనలు మారడానికి ఆ ప్రమాదమే దారితీసింది. కమ్యూట్ చేసే, అంటే వేరే ఊళ్లో ఇల్లుంచుకుని బేస్‌కు తిరిగే, ప్రతి పైలట్ ఆ నివేదికను ఒకసారైనా చదవాలని నా అభిప్రాయం. భయపడమని కాదు, ఆమె చేసినది మనమూ ఏదో ఒక వారం చేయబోతాం కాబట్టి.

ముందు పాస్‌పోర్టు సంగతి

దీన్ని త్వరగా ముగిస్తాను. ఐరోపా ఎయిర్‌లైన్లు చాలావరకు 'ఐరోపా సమాఖ్యలో ఎలాంటి పరిమితీ లేకుండా నివసించి పనిచేసే హక్కు' అడుగుతాయి. ఐర్లండ్ పౌరసత్వం తీసుకున్నాను కాబట్టి నేను ఇటలీలో పనిచేయగలిగాను. భారత పాస్‌పోర్టుతో ఒక దేశపు వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి ఆ పర్మిట్ పక్క దేశపు బేస్‌లో చెల్లదు. వారికి ఈ వ్యాసంలోని పోలికలన్నీ తరువాతి మాట. బ్రిటన్ సంగతి వేరు: 2021 నుంచి అక్కడి పైలట్ లైసెన్సు వేరు, పనిచేసే హక్కు వేరు. బ్రిటిష్, ఐరిష్ పౌరులు మాత్రం ఒకరి దేశంలో ఒకరు ఉండి పనిచేసుకోవచ్చు.

నాలుగు దారులు

మొదటిది, కుటుంబంతో సహా బేస్‌కు మారడం. పెళ్లి కానివారు, పిల్లలు లేనివారు, ఎక్కడి నుంచైనా పనిచేయగల భాగస్వామి ఉన్నవారు ఇంకేమీ ఆలోచించకుండా ఇదే చేయాలి. ఐరోపా పౌరుడు సమాఖ్యలోని మరో దేశానికి పని మీద వెళ్తే, భారత పాస్‌పోర్టు ఉన్న భార్యకో భర్తకో అక్కడ ఉండే హక్కు, పనిచేసే హక్కు వస్తాయి. ఆ హక్కు ఉన్నంత మాత్రాన పని దొరుకుతుందని కాదు. మా ఆవిడ నర్సు. ఇటలీలో నర్సుగా చేయాలంటే అక్కడి గుర్తింపు కావాలి, రోగితో ఇటాలియన్‌లో మాట్లాడగలగాలి. రెండేళ్ల పని అది. నాకు ఉద్యోగం రావడం కోసం ఆమె ఉద్యోగం పోగొట్టుకోవడం మా ఇద్దరికీ న్యాయమనిపించలేదు.

ఇంకొక చిక్కు ఉంది. ఎయిర్‌లైన్ బేస్ రైల్వే జంక్షన్ లాంటిది కాదు, ఉన్నట్టుండి మాయమవుతుంది. 2020 ఆగస్టులో ఈజీజెట్ బ్రిటన్‌లోని స్టాన్‌స్టెడ్, సౌత్‌ఎండ్, న్యూకాజిల్ బేస్‌లను ఒక్కసారిగా మూసేసింది. 2022 మార్చి చివర రయన్‌ఎయిర్ ఫ్రాంక్‌ఫర్ట్ బేస్‌ను మూసింది. 2025 సెప్టెంబరులో విజ్ ఎయిర్ అబుదాబీని వదిలేసింది. అంచేత బేస్‌కు మారండి గాని, మొదటి రెండేళ్లలో అక్కడ ఇల్లు కొనకండి. అద్దె ఒప్పందంలో, ఎంత ముందు చెప్పి ఖాళీ చేయవచ్చో చూసి సంతకం పెట్టండి.

రెండోది, కుటుంబం ఉన్నచోటే ఉండి, మీరు బేస్‌లో గది తీసుకోవడం. నేను ఎంచుకున్నది ఇదే. పైలట్లు దీన్ని క్రాష్‌ప్యాడ్ అంటారు. మొదట నలుగురం పంచుకునే ఇంట్లో, ఇద్దరు పడుకునే గదిలో ఒక మంచం తీసుకున్నాను. తప్పు చేశాను. నా గదిలో ఉన్నతనికి లేట్లు ఉన్న వారం నాకు ఎర్లీలు. అతను రాత్రి పన్నెండున్నరకు వచ్చి చీకట్లో షూ విప్పుకుంటుంటే నాకు మెలకువ. నా అలారం 3:40కి మోగితే అతనికి. ఇద్దరం మంచివాళ్లమే. ఆ గది మంచిది కాదు. రెండో నెలలో, వంటగది పక్కన, మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోని చిన్న గదికి మారాను, నెలకు 450 యూరోలు. దానికి తలుపు ఉంది, ఆ తలుపుకు గడియ ఉంది. కిటికీకి మందపాటి నల్ల పరదా వేసుకున్నాను. ఆ వారం నుంచి నిద్ర పట్టింది. వంట గురించి ఒక మాట: తెల్లవారుజామున కుక్కర్ విజిల్ వేయించిన తెలుగువాడి మీద మిగతా ముగ్గురూ సమావేశం పెట్టారు. అప్పటి నుంచి ముందు రోజు రాత్రే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకునేవాణ్ని. ఆల్ప్స్ మీదుగా వెళ్తూ తినడానికి ఇంతకన్నా మంచి తిండి లేదు. కాకపోతే ఇంగువ వాసన కాక్‌పిట్‌లో దాగదు.

మూడోది, గది లేకుండా ప్రతిసారీ హోటల్. కాగితం మీద చవకగా కనబడుతుంది, వెళ్లినప్పుడే కదా ఖర్చు అని. పై లెక్కతో చూడండి. 18 రాత్రుల్లో పదకొండు అంటే 30 రోజుల నెలకు సుమారు 18 రాత్రులు. రాత్రికి 70 యూరోలు పెట్టుకున్నా 1,260. నా గది అద్దెకు దాదాపు మూడు రెట్లు. పైగా ప్రతిసారీ పెట్టె మోయాలి, ఇస్త్రీ చొక్కాలు మోయాలి, వేసవిలో ధరలు రెట్టింపు. నెలలో నాలుగైదు రోజులే బేస్‌లో పని ఉండే పార్ట్‌టైమ్ పైలట్‌కు ఇది సరిపోతుంది. కొత్తగా చేరినవారికి పార్ట్‌టైమ్ ఎవరూ ఇవ్వరు.

నాలుగోది, సరిహద్దు అవతల ఇల్లు, కానీ నేల మీదే ప్రయాణం. అదృష్టం ఉన్నవారికి ఇది అన్నిటికన్నా మేలు. స్వీడన్‌లోని మాల్మోలో ఉంటూ డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ విమానాశ్రయంలో పనిచేసేవారు ఎందరో. ఓరెసుండ్ వంతెన మీద రైలు అరగంట లోపే దించుతుంది. జెనీవా విమానాశ్రయానికి ఫ్రాన్స్ వైపు ఊళ్లు ఆనుకునే ఉన్నాయి. బాసెల్–ముల్‌హౌస్ విమానాశ్రయమైతే ఉన్నదే ఫ్రాన్స్ నేల మీద. ఉత్తర ఐర్లండ్‌లోని న్యూరీ నుంచి డబ్లిన్ విమానాశ్రయానికి మోటార్‌వే మీద కారులో గంట, గంటంబావు. చూడవలసినది రెండే. తెల్లవారుజామున నాలుగింటికి ఆ రైలో బస్సో నడుస్తుందా, లేక కారు తప్పదా? కుటుంబంలో అందరి పాస్‌పోర్టులూ సరిహద్దుకు రెండు వైపులా చెల్లుతాయా? న్యూరీలో ఐరిష్ పౌరుడికి అడ్డు లేదు. భారత పాస్‌పోర్టుతో ఉన్న జీవిత భాగస్వామికి బ్రిటన్ అనుమతి విడిగా కావాలి.

బదిలీ వచ్చేదాకా ఇంటి నుంచే తిరుగుతానని కొందరు అంటారు. దాన్ని ఐదో దారిగా లెక్కపెట్టను. అలా అన్నవారందరూ చివరికి రెండోదో మూడోదో చేస్తున్నారు, ఒప్పుకోవడం లేదంతే.

సీటు దొరకడం

సిబ్బంది టికెట్ అంటే ఖాళీ ఉంటేనే సీటు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం, జులై, ఆగస్టు, క్రిస్మస్ వారం ఖాళీలు ఉండవు. మీకు ఇంటికి వెళ్లాలనిపించేది సరిగ్గా అప్పుడే. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు సీటు, అంటే జంప్‌సీటు, ఇవ్వడం ఆ కెప్టెన్ ఇష్టం, కంపెనీ నియమాలను బట్టి. నియమాలు ఒప్పుకున్న చోట నన్ను ఎక్కించుకోని కెప్టెన్‌ను నేను చూడలేదు, కానీ ఇంకో పైలట్ నాకన్నా ముందు అడిగేసిన రోజులు ఉన్నాయి.

నేను పాటించిన పద్ధతి: ఇంటికి వెళ్లేటప్పుడు సిబ్బంది టికెట్, డ్యూటీకి వచ్చేటప్పుడు కొన్న టికెట్. ఇంటికి ఆలస్యమైతే భార్య ఒక మాట అంటుంది. డ్యూటీకి ఆలస్యమైతే చీఫ్ పైలట్ ఉత్తరం రాస్తాడు. కొన్న టికెట్‌కు ఇంకో లాభం ఉంది. విమానం రద్దయినా బాగా ఆలస్యమైనా ప్రయాణికులకు పరిహారం ఇప్పించే 2004 నాటి ఐరోపా చట్టం, మామూలు జనానికి దొరకని రాయితీ టికెట్లకు వర్తించదు. మీరు కంపెనీ మనిషైనా సరే, అందరిలా కొన్న టికెట్ ఉంటే అందరితో సమానం.

అమెరికాలో కమ్యూట్ చేసే పైలట్లకు పాత అలవాటు ఒకటి ఉంది: ఎక్కదలచిన విమానం తప్పినా, తరువాతిది ఎక్కి వేళకు చేరగలగాలి. అంటే చివరి విమానం మీద ఆధారపడకూడదు. ఇది నాకు ముందే తెలుసు. తెలిసీ నవంబరులో ఒక ఆదివారం, పాప స్కూలు కార్యక్రమం చూసి చివరి విమానం ఎక్కాను. మరునాడు 5:10కి రిపోర్టింగ్.

చలికాలంలో మిలాన్ ఉన్న పో నది మైదానం మీద పొగమంచు కమ్ముకుంటే అక్కడి విమానాశ్రయాలన్నీ ఒకేసారి మునుగుతాయి. ఆ రాత్రి మేము గాలిలో రెండు చుట్లు తిరిగి, జెనోవాలో దిగాం. మమ్మల్ని మిలాన్‌కు తీసుకెళ్లే బస్సు వచ్చేసరికి పన్నెండు దాటింది. గది తలుపు తీసినప్పుడు ఫోన్‌లో 2:25. అలారం 3:40కి పెట్టి ఉంది. ఇంటి నుంచి తెచ్చిన డబ్బా బల్ల మీద పెట్టి, మంచం అంచున కూర్చున్నాను. కాగితాల ప్రకారం నేను నాలుగు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకున్న పైలట్‌ని. చొక్కా మార్చుకోకుండానే, సిబ్బంది డ్యూటీలు చూసే క్రూ కంట్రోల్‌కు ఫోన్ చేసి, అలసిపోయి ఉన్నాను, ఈ డ్యూటీ చేయలేనని చెప్పాను. అలసట ఉందని తెలిసినా, అనుమానం ఉన్నా డ్యూటీ చేయకూడదని చట్టం పైలట్‌కే చెబుతుంది. అవతల ఉన్నావిడ ఏమీ అనలేదు, పేరు, సమయం రాసుకుంది. పిలిస్తే రావడానికి సిద్ధంగా, స్టాండ్‌బైలో ఉన్న ఇంకొకర్ని నిద్ర లేపి ఉంటుంది. తరువాత నింపిన నివేదికలో కారణం దగ్గర 'సొంత ప్రయాణం' అని నేనే రాశాను. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి అది రాయడం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. అటు తరువాత ఎర్లీల ముందు రోజు మధ్యాహ్నపు విమానమే ఎక్కాను, పాప బడి నుంచి రాకముందే ఇంట్లోంచి బయటపడుతూ.

మొదటి ఆరు నెలలు

కొత్త పైలట్‌కు సంబంధించి నా ఖచ్చితమైన అభిప్రాయం ఒకటి ఉంది: లైన్ ట్రైనింగ్, అంటే ప్రయాణికులున్న విమానాల్లో ట్రైనింగ్ కెప్టెన్ పక్కన నేర్చుకునే దశ, అయ్యేదాకా ఇంటికి కమ్యూట్ చేయకండి. బేస్‌లోనే ఉండండి. ట్రైనింగ్ కెప్టెన్ ఎవరు ఖాళీగా ఉంటే వారితో మీ సెక్టార్లు పడతాయి, రోస్టర్ చివరి నిమిషంలో మారుతుంది. ప్రతి సెక్టారుకూ ముందు చదువుకోవాలి, తరువాత అక్షింతలు జీర్ణించుకోవాలి. నిద్ర తక్కువైన రోజు ల్యాండింగ్ ఎలా ఉంటుందో నా ఫైలులో రాసి ఉంది. ఆ నెలల్లో నేను డబ్లిన్‌కు రెండే రెండు సార్లు వెళ్లాను. కుటుంబాన్నే ఒకసారి రమ్మన్నాను. పాపకు కోమో సరస్సు మీద పడవ ఎక్కడం ఇంకా గుర్తు.

ఆ శిక్షణ చివరి పరీక్ష, లైన్ చెక్, అయ్యాక స్టాండ్‌బైలు మొదలవుతాయి. కొత్తవారికి వాటిలో ఎక్కువ వాటా. ఫోన్ వచ్చిన గంటలోనో గంటన్నరలోనో విమానాశ్రయంలో ఉండాలి కాబట్టి, వేరే దేశంలో కూర్చుని స్టాండ్‌బై చేయడం కుదరదు. ఫోన్ రాకపోవచ్చని ఇంట్లోనే ఉండిపోయిన ఒకరి కథ ప్రతి బేస్‌లోనూ చెప్పుకుంటారు. ఆ కథ ఎక్కడా బాగా ముగియదు.

పన్నులు

మీ సామాజిక భద్రత చందా మీ ఇల్లున్న దేశానికి కాదు, హోమ్ బేస్ ఉన్న దేశానికి వెళ్తుంది. విమాన సిబ్బందికి 2012 నుంచి ఇదే నియమం. ఇల్లు వేరే దేశంలో ఉంటే వైద్యం అక్కడ పొందడానికి ఎస్1 అనే పత్రం ఉంటుంది. చేరిన మొదటి నెలలోనే అడిగి తీసుకోండి. ఆదాయపు పన్ను అంత సూటిగా ఉండదు. రెండు దేశాల మధ్య ఒప్పందం ఏమంటుందో చూడాలి. ఐర్లండ్ నుంచి నడిచే ఎయిర్‌లైన్ అయితే, పైలట్ ఎక్కడ ఉన్నా అంతర్జాతీయ విమానాలు నడిపిన జీతం మీద ఐర్లండ్ పన్ను వేస్తుంది.

చాలామంది పొరబడే చోటు ఇంకొకటి. నేను కమ్యూట్ చేస్తున్నాను కాబట్టి బేస్ ఉన్న దేశంలో నివాసిని కానని అనుకుంటారు. మన రాత్రుల లెక్కను ఏడాదికి సాగదీయండి. నెల రోజుల సెలవు తీసేసినా బేస్‌లో గడిపేవి 200 రాత్రులు దాటుతాయి. పన్ను నివాసానికి చాలా దేశాలు చూసే 183 రోజుల గీత ఎప్పుడో వెనకబడింది. కిందటి ఏడాది జీతం పత్రాలు పట్టుకుని ఏప్రిల్‌లో పరిగెత్తకుండా, రెండు దేశాల సంగతీ తెలిసిన పన్ను సలహాదారుకు మొదటి ఏడాదే ఫీజు ఇచ్చుకోండి. నేను పెట్టిన ఖర్చుల్లో ఎప్పుడూ చింతించనిది అదే.

మరి ఏది?

పిల్లలు లేకపోతే బేస్‌కు మారండి. బేస్‌కు కారులో గంటన్నర లోపు చేరగల సరిహద్దు ఊరు మీదైతే అక్కడే ఉండండి. బడికి వెళ్లే పిల్లలు, కదలలేని ఉద్యోగంలో ఉన్న భాగస్వామి ఉంటే బేస్‌లో మీకంటూ ఒక తలుపున్న గది తీసుకుని, ఆరు నెలల తరువాతే ఇంటికి తిరగడం మొదలుపెట్టండి. అప్పుడు కూడా రోస్టర్ స్థిరంగా ఉండి, ఆ రెండు ఊళ్ల మధ్య చలికాలంలో సైతం రోజుకు కనీసం రెండు విమానాలు నడిస్తేనే. వేసవి పట్టిక చూసి మోసపోకండి. సెలవుల ఊళ్లకు అక్టోబరు చివర విమానాలు సగానికి సగం తగ్గిపోతాయి. ఈ రెండూ లేకపోతే ఆ ఉద్యోగాన్ని ఒప్పుకునే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడండి, శిక్షణ బాండు (ముందే వదిలేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టే ఒప్పందం) ఎన్నేళ్లో పక్కన పెట్టుకుని.

ఇంటర్వ్యూలో బేస్ బదిలీ గురించి అడగడానికి మొహమాటపడవద్దు. బదిలీ జాబితా చేరిన తేదీ వరసలో నడుస్తుందా, మీకు కావలసిన ఊరికి ఇప్పుడు ఎంతమంది వరసలో ఉన్నారు, కిందటి ఏడాది ఎంతమందికి ఇచ్చారు అని అడగండి. 'త్వరలోనే' అన్నది జవాబు కాదు. నాకు ఆ మాటే చెప్పారు. నేను చేరిన రోజే దరఖాస్తు పెట్టాను. జాబితాలో నా ముందు ఉన్నవారు ఒక్కొక్కరే కదులుతుంటే, పాప ఫ్రిజ్ మీద క్యాలెండర్ అంటించి, నేను ఇంట్లో పడుకున్న రాత్రులకు ఆకుపచ్చ రంగు వేసేది. ఏ నెలా ఆ రంగు సగానికి రాలేదు.

బదిలీ పద్నాలుగో నెలలో వచ్చింది. డబ్లిన్ నుంచి మొదటి డ్యూటీ కూడా ఎర్లీయే, అలారం అదే 3:40. వంటగదిలో లైటు వేయకుండా టీ తాగి వెళ్లాను. నాలుగు సెక్టార్లు తిరిగి వచ్చి, యూనిఫాం మీదే కోటు తగిలించుకుని, రెండున్నరకు బడి గేటు దగ్గర నిలబడ్డాను. పాప బయటకు వచ్చి, నన్ను చూసి, ముందుగా అడిగింది: "నాన్నా, రేపు వెళ్లిపోతావా?"

"పొద్దున వెళ్తాను. మధ్యాహ్నం ఇక్కడే ఉంటాను."

కాసేపు ఆలోచించి, "అయితే దానికి ఏ రంగు వెయ్యాలి?" అంది.